చెయ్యి పట్టుకుని మొహం చూసే మనిషి

మహదేవపురలో మా ఆఫీసు గేటు దగ్గర ఈమధ్య ఒక యంత్రం పెట్టారు. మెడలో కార్డు వేలాడేసుకునే రోజులు పోయాయి. ఇప్పుడు దాని ముందు నిలబడి మొహం చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది. మామూలుగా రెప్పపాటు పని. మొన్న సోమవారం మాత్రం నన్ను చూసి ఎర్రదీపం వెలిగించింది. కళ్ళజోడు తీశాను, జుట్టు వెనక్కి తోసుకున్నాను, కాస్త నవ్వి కూడా చూశాను. ఊహూ, గుర్తుపట్టదే. వెనక లైను పెరుగుతోంది. ఏళ్ళ తరబడి ఇదే గేటులోంచి పోతున్నదాన్ని, నేను నేనేనని ఒక డబ్బాకు రుజువు చేసుకోవాల్సి వచ్చేసరికి ఒళ్ళు మండింది. చివరికి సెక్యూరిటీ అతను పక్క తలుపు తీసి, సర్వర్ ప్రాబ్లమ్ మేడమ్ అని సర్దిచెప్పి పంపాడు. సీట్లో కూర్చున్నాక చూసుకుంటే, నా కుడి మణికట్టును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాను. అట్లా పట్టుకోవడం నా అలవాటు కాదు. అది పెద్దత్త అలవాటు.

పెద్దత్త అంటే మా అత్తమ్మకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఆనేకల్‌లో వాళ్ళ నాన్న కట్టించిన ఇంట్లోనే పుట్టి, ఆ ఇంట్లోనే ముసలిదై, పోయిన వైశాఖం చివర్లో ఆ ఇంటి వీధి తలుపు పక్కన చాప మీద పోయింది. వాళ్ళది తరతరాలుగా మగ్గం నేసే తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపమొస్తే రెండూ. మామయ్య ఇల్లరికం వచ్చి, మగ్గం పని వంటబట్టక, బొమ్మసంద్రలో ఏదో ఫ్యాక్టరీలో చేరి అక్కడే రిటైరయ్యారు. ఆ ఇంట్లో మగ్గాన్ని వదలనిది పెద్దత్త ఒక్కతే. ముందుగదిలో ఆమె గుంట మగ్గం, దాని మీద ఎప్పుడు చూసినా సగంలో ఉన్న ఒక పట్టుచీర.

నేను ఏలూరు పిల్లని. మా ఆయనా నేనూ ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డాం. మొదటిసారి నన్ను ఆ ఇంటికి తీసుకెళ్ళినప్పుడు అత్తమ్మ మంచినీళ్ళిచ్చి నా చెప్పుల వైపు చూసింది. మామయ్య పేపరు చాటునుంచి చూశారు. పెద్దత్త మాత్రం మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, నా మణికట్టు పట్టుకుని, మొహంలోకి చూడడం మొదలుపెట్టింది. చూస్తుంది, చూస్తుంది, ఎంతకీ వదలదే! పళ్ళలో ఏమన్నా ఇరుక్కుందా, బొట్టు చెదిరిందా అని నేను లోపల్లోపల చచ్చిపోతున్నాను. నుదురు, కనుబొమ్మలు, చెవి కింద పుట్టుమచ్చ, గడ్డం, అన్నీ చూడడం అయ్యాక చెయ్యి వదిలింది. సరే పాపా, గుర్తు పెట్టుకున్నా, అంది. మళ్ళీ వెళ్ళి మగ్గంలో కూర్చుంది.

అది నా ఒక్కదానికి జరిగిన మర్యాద కాదని పెళ్ళయ్యాక తెలిసింది. ఎవరి చెయ్యి తగిలినా మొహం చూడనిదే ఆమె వదిలేది కాదు. టీకా వేయించడానికి తీసుకెళితే నర్సమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. ఆ పిల్ల సూది చేతిలో పెట్టుకుని బిత్తరపోయింది. గ్యాసు బండ తెచ్చే అతను ఈమె ఎదురైతే బండ గుమ్మంలో దించేసి చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. నేను ప్రతి శుక్రవారం మహదేవపుర నుంచి ట్రాఫిక్ ఈదుకుంటూ సాయంత్రానికి ఆనేకల్ చేరితే, గుమ్మంలో మళ్ళీ అదే తంతు. పోయిన వారం చూసిన మొహమే కదా పెద్దత్తా అంటే, పోయిన వారం చూసింది పోయిన వారానికి అనేది. మొదట్లో విసుక్కునేదాన్ని. వారమంతా లాప్‌టాప్ తెరమీద అగ్గిపెట్టెలంత గడుల్లో కనిపించే మొహాల మధ్య బతుకు నాది. నన్ను అంతసేపు, అంత శ్రద్ధగా చూసే మనిషి ఇంకెవరూ లేరని తెలిశాక, ఆ చూపు కోసమే చెప్పులు విడవకుండా నిలబడేదాన్ని. మా అమ్మ కూడా నన్ను అట్లా చూడలేదు. ఆ ఇంట్లో నేను ఇంటిమనిషినయింది పసుపుకుంకుమలతో కాదు, ఆమె చూపుతో.

ఆమె ఇంట్లో ఉండే తీరు కూడా అదో రకం. సొంత ఇంట్లో ప్రయాణీకురాలిలా ఉండేది. మంచం ఎక్కేది కాదు. వీధి తలుపు పక్కన చాప, తలకింద ఒక గుడ్డసంచి. ఆ తలుపుకు గడియ పెట్టనిచ్చేది కాదు. తలుపు దగ్గరగా వేసి, తనే కాపలాగా పడుకునేది. దొంగలొస్తారు పెద్దమ్మా అని మా ఆయన పోట్లాడి పోట్లాడి ఊరుకున్నాడు. ఆ సంచిలో ఒక చీర, ఒక తువ్వాలు, ఒక దువ్వెన, ఒక పొట్లం నిండా బొరుగులు, మా వైపు మరమరాలంటాం. శుక్రవారం వచ్చిందంటే పాత బొరుగులు తీసి, కొత్తవి పోసి పొట్లం కట్టేది. తీసిన వాటిని నానబెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఉగ్గాణి చేసేది. శుక్రవారం రాత్రి నాకోసమే ప్రత్యేకంగా చేస్తోందని మురిసిపోయి రెండోసారి పెట్టించుకునేదాన్ని. వీధిలో పిల్లలు చుట్టూ చేరితే కథలు బాగా చెప్పేది. తెలుగువాళ్ళం కథ అయిపోగానే దాన్ని కంచికి పంపి మనం ఇంటికి వచ్చేస్తాం కదా, ఆ మాట మాత్రం ఆమె నోట వచ్చేది కాదు. కథ అయిపోయాక లేచి వెళ్ళిపోయేది.

కంచికి మాత్రం ఏటా వెళ్ళేది. ఊరికే పోవడం కాదు. వైశాఖంలో వరదరాజస్వామి గరుడసేవకు ఇల్లంతా కదలాలి. ముందురోజు మధ్యాహ్నం బయల్దేరేముందు అందర్నీ మగ్గం ముందు వరసగా నిలబెట్టేది. నేసిన చీర కోసి తీశాక మగ్గం మీద పడుగు కొసలు కొన్ని మిగులుతాయి. ఆ పట్టుపోగుల్ని పేని, అందరి కుడి మణికట్టుకూ ఒకే రంగు దారం కట్టేది. ఆ పక్క నేతగాళ్ళ ఇళ్ళలో అది పాత ఆచారమట. జాతర గుంపులో మనవాళ్ళ చెయ్యి మనకు తెలియాలని. దానికొక నియమం కూడా ఉంది. కట్టినవాళ్ళే విప్పాలి. యాత్ర నుంచి తిరిగి వచ్చాక, గుమ్మం ముందున్న రాతి మీద నిలబెట్టి, కట్టిన మనిషి చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసి, దారం విప్పి, లోపలికి రమ్మనాలి. అప్పుడు గడప దాటితేనే ఇల్లు చేరినట్టు. అందాకా మనిషి ఇంట్లో ఉన్నా దారిలో ఉన్నట్టే లెక్క.

మా అందరికీ కట్టే పెద్దత్త తన చేతికి మాత్రం కట్టించుకునేది కాదు. తిరిగొచ్చాక కాళ్ళు కడిగించుకునేది కూడా కాదు. మమ్మల్నందర్నీ గడప దాటించి, తను పక్కసందులోంచి వెనక తలుపు గుండా మగ్గం గదిలోకి వెళ్ళేది. మొదటి ఏడాది నేను ఉండబట్టలేక, మీకు నేను కట్టనా అని అడిగాను. నాది ఇంగా ముగీలేదు పాపా అంది. ఏమిటి ముగియనిది అని అత్తమ్మను అడిగితే, ఆమెనే అడుగు, నాకేం తెల్సు, అని గిన్నెలు గట్టిగా కడగడం మొదలుపెట్టింది.

కంచిలో మేము దిగేది హోటల్లో కాదు. అక్కడ కూడా మాలాగే మగ్గం నేసే ఒక తెలుగు కుటుంబం ఉంది. వాళ్ళ తెలుగులో సగం అరవం కలిసి, వినడానికి ముద్దుగా ఉంటుంది. వెదురు బుట్టలో ఆకు పరిచి పిండి పోసి, మిరియాలు, శొంఠి దట్టించి ఉడికించే కంచి ఇడ్లీ నేను మొదటిసారి తిన్నది ఆ ఇంట్లోనే. అక్కడ ఒక సంగతి గమనించాను. మేమెవరం ఆకు ముందు కూర్చోకముందే, ఆ ఇంటి కోడలు ఒక చిన్న ఆకులో ఇడ్లీ ముక్క పెట్టి గుమ్మం పక్కన ఉంచేది. తర్వాత వీధిలో పోయే ఏ చిన్నపిల్లనో పిలిచి ఇచ్చేది. దేవుడికా అని అడిగాను. ఏమో అక్కా, మా అత్త పెట్టేది, నేను పెడతన్నా, గరుడసేవకు మాత్రమే పెట్టేది ఇది, అంది. ఎందుకో ఆ అమ్మాయికి తెలియదు. అప్పుడు నాకూ తెలియదు.

తెల్లవారుజామున గరుడవాహనం గోపురం దాటి వీధిలోకి వచ్చేసరికి నేల ఈనినట్టు జనం. వాహనం వెళ్ళిపోయాక ఇంట్లోవాళ్ళందరూ బంగారు బల్లిని తాకడానికి లైనులో చేరారు. పెద్దత్త కనిపించలేదు. నేను కంగారుపడి వెతుక్కుంటూ పోతే, నూరుకాళ్ళ మండపం మూలన, పైనుంచి రాతి గొలుసు వేలాడే చోట, స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. వచ్చేపోయే ఆడవాళ్ళ మొహాలు చూస్తోంది. చిన్నపిల్లల్ని కాదు, తనకంటే కొంచెం చిన్న వయసు ముసలివాళ్ళని. పోదాం రండి పెద్దత్తా అన్నాను. సల్ప నిలబడు పాపా అంది. ఎంతసేపు అంటే, మధ్యాహ్నం గుడి తలుపు మూసే దాకా అంది.

అక్కడే నిలబడి చెప్పింది. తను పెద్దపిల్లగా ఉన్నప్పుడు, తన వెనక చెల్లెలొకతె ఉండేదట, ఆరేళ్ళది. అమ్మ నిండు చూలాలని ఆనేకల్‌లోనే ఆగిపోయింది. ఆ ఏడు అమ్మకు బదులు పెద్దకూతురే చెల్లెలికి దారం కట్టింది. వంకాయ రంగు దారం. నాన్నతో గరుడసేవకు వచ్చారు. చెల్లెలి చెయ్యి పట్టుకోవడం ఈమె పని.

"జనం తోసినారు. చెయ్యి ఇడిసిపోయింది. చప్పున తిరిగి పట్టుకున్నా. దారం చూసినా, మన వంకాయ రంగే. ఇంగ ఏమీ చూళ్ళేదు. లాక్కొని బస్సుకాడికి పోయినా. ఆడ చేతిలో ఇడ్లీ పెట్టి మొగం చూస్తే అది మన పాప కాదు. ఎవరిదో బిడ్డ. భయపడి గొంతు పెగల్లేదు దానికి. అది ఏడ్చింటే మొగం చూసిందును పాపా. ఏడవలే."

ఆ ఏడు వంకాయ రంగు చీరలు నేసిన మగ్గాలు ఎన్నో, ఆ రంగు దారాలు కట్టుకుని వచ్చిన పిల్లలు ఎంతమందో. నాన్న ఆ పిల్లనెత్తుకుని పరుగున గుడికి తిరిగొచ్చాడు. ఈ గొలుసు దగ్గరే ఆ పిల్ల తల్లిదండ్రులు గుండెలు బాదుకుంటూ ఉన్నారు. బిడ్డను చూసి, తెచ్చి ఇచ్చారని ఈమె కాళ్ళ మీద పడ్డారట. చెల్లెలు మాత్రం లేదు. సత్రాలు చూశారు, బావులు చూశారు, పోలీసులకు చెప్పారు. మేము దిగే ఆ నేతగాళ్ళ ఇంటి పెద్దాయన నెలల తరబడి వెతికాడు. ఆ రోజు చెల్లెలి నోటికి అందని ఇడ్లీనే ఆ ఇంట్లో ఇప్పటికీ గుమ్మం పక్కన పెడుతున్నారు.

ఇన్నేళ్ళయ్యాక ఇంకా ఎందుకు నిలబడతారు అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది కాదేమో, కానీ నా నోరు ఆగదు. ఆమె నా వైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"తప్పిపోతే ఈ గొలుసుకాడనే నిలబడు, నేను వస్తానని చెప్పింటి. చెప్పినాక రాకుంటే ఎట్ల?"

ఆ శుక్రవారం ఉగ్గాణి రెండోసారి పెట్టించుకోలేదు. ఆ బొరుగులు దారిలో చెల్లెలికి ఆకలేస్తే పెట్టడానికి కట్టి ఉంచుకున్నవి. పెళ్ళి ఎందుకు చేసుకోలేదో, తలుపుకు గడియ ఎందుకు పెట్టనివ్వదో, ఇంక నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ చూలాలి కడుపులో ఉన్నది మా అత్తమ్మ. ఆమె బాధ ఆమెది. కంచికి వచ్చేది కానీ నూరుకాళ్ళ మండపంలో ఏనాడూ అడుగు పెట్టలేదు. అక్క నీళ్ళ చెంబు అందించినా కింద పెట్టమని, పెట్టాక తీసుకునేది, దారం కట్టి విప్పేటప్పుడు తప్ప చెయ్యి తగలనిచ్చేది కాదు. ఒకసారి ఇద్దరం చిక్కుళ్ళు వలుస్తుంటే తనంతట తనే అంది. నేను పుట్టినప్పటి నుంచీ ఈ ఇంట్లో అందురూ నా మొగంలో దాని మొగం ఎతికినారు, నా మొగం చూసినోళ్ళు ఎవరుండారు, అని. గొంతులో కోపం లేదు. చిక్కుళ్ళ ఈనెలు తీస్తూనే ఉంది. ఆమెనూ అక్కనూ పక్కపక్కన చూసినప్పుడల్లా, ఆ ఇద్దరి మధ్యా ఒక ఆరేళ్ళ పిల్ల నిలబడి ఉన్నట్టే నాకు అనిపించేది.

పోయిన వైశాఖానికి పెద్దత్త బాగా వాడిపోయింది. మాటలు కలిసిపోతున్నాయి. చీర సగంలో ఏ పోగు ఎటో మరిచిపోయి మగ్గం మీదే తల వాల్చేది. ఈ ఏడు వద్దులే పెద్దమ్మా అని మా ఆయన ఎంత చెప్పినా వినలేదు. వణికే చేతులతోనే అందరికీ దారాలు కట్టింది. అనుకోకుండానో ఏమో, ఆ ఏటి దారమూ వంకాయ రంగే. మండపంలో ఇక నిలబడలేకపోతే స్తంభం మొదట్లో కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. పొద్దుటి నుంచి తలుపులు మూసేదాకా వచ్చేపోయే మొహాలే చూసింది. తిరుగు ప్రయాణంలో కార్లో నా చెయ్యి పట్టుకునే కునికిపాట్లు పడింది.

ఆనేకల్ చేరేసరికి దీపాలు పెట్టే వేళ. ఎప్పటిలాగే రాతి పక్కన చెంబు పట్టుకుని నిలబడింది. అత్తమ్మకు నీళ్ళు పోసి, దారం విప్పింది. మామయ్యకు, మా ఆయనకు విప్పింది. నా వంతు వచ్చింది. చెయ్యి పట్టుకుని ఎప్పటిలాగే మొహంలోకి చూసింది. నేనూ ఎప్పటిలాగే నవ్వుతూ నిలబడ్డాను. ఆ చూపు ఎక్కడా ఆగకుండా నుదుటి నుంచి గడ్డం దాకా రెండుసార్లు తిరిగింది. మా ఆయన వైపు తిరిగింది.

"ఈ పాప మన పాప కాదప్పా. దీనోళ్ళు ఆడ ఏడుస్తా ఉంటారు. తిరగా తీసకపోయి ఆ గొలుసుకాడ ఇడిసిరాండి."

మా ఆయన నవ్వేసి, నీ కోడలే పెద్దమ్మా, సరిగ్గా చూడు, అన్నాడు. చూసినా, చూసే చెప్తా ఉండా, అంది. నా దారం విప్పలేదు. అత్తమ్మ విసుక్కుని, పెద్దామె మాటకేం, నువ్వు దా లోపలికి, అని పిలిచింది. వెళ్ళాను. గడప దాటుతుంటే మాత్రం పరాయి ఇంట్లో కాలు పెట్టినట్టే అయింది. తెలుసు, ఆమెకు మతి తప్పిందని తెలుసు. తెలిసి ఏం లాభం, మనసుకు ఎక్కాలి కదా.

ఆ తర్వాత ఆమె బతికిన కొద్దిరోజులూ నేను ఆనేకల్‌లోనే ఉండి, అక్కడినుంచే ఆఫీసు పని చేశాను. మిగతావాళ్ళందర్నీ గుర్తుపట్టేది. నేను మాత్రం ఆమెకు ఆ రోజు బస్సు దాకా లాక్కొచ్చిన పిల్లని. కోప్పడేది కాదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. మీటింగులో ఉంటే మెల్లగా వచ్చి లాప్‌టాప్ పక్కన గుప్పెడు బొరుగులు పోసి పోయేది. భయపడొద్దు పాపా, మీ అమ్మకాడికి తీసకపోతా, అని వీపు నిమిరేది. నేనూ కాదనడం మానేశాను. ఒకసారి మాత్రం ఉండబట్టలేక, నేను మీ పాపనే అని ఏడ్చాను. ఏడుస్తున్న నా మొహాన్ని ఆశ్చర్యంగా చూసి, ఈ ఏడుపు ఆ పొద్దే ఏడ్చింటే బాగుండు కదా, అంది. మూడోనాటి ఉదయం చాప మీద నుంచి లేవలేదు.

కర్మలన్నీ అయ్యాయి. ఆ దారం నా చేతికే ఉంది. కట్టిన మనిషి లేదు, ఇంకెవరు విప్పాలి? కత్తిరించి పారేయవే, దారం ముక్కే కదా, అన్నాడు మా ఆయన. నేనేం పట్టింపుల మనిషిని కాదు. శకునాలూ అవీ నాకు పట్టవు. కత్తెర తెరిచి దారం కింద పెట్టేదాన్ని, చెయ్యి ఆడేది కాదు. అసలు కష్టం దారం కాదు. నన్ను వారం వారం గుర్తుపట్టి ఇంట్లోకి పిలిచిన మనిషి, చివరికి నేను ఆ ఇంటిదాన్ని కాదని చెప్పి పోయింది. మహదేవపుర ఫ్లాటుకు వెళ్ళినా, ఆనేకల్ వచ్చినా, ఎక్కడా ఇల్లు చేరినట్టు లేదు. మంచం మీద నిద్ర పట్టక హాల్లో తలుపు దగ్గర పడుకోవడం మొదలుపెట్టాను. అది చూసి మా ఆయన భయపడ్డాడు. నాకూ భయమేసింది.

ఒక ఆదివారం ఆనేకల్‌లో టిఫిను తింటూ, కంచి వెళ్ళొస్తానని చెప్పాను. తిరగా తీసకపొమ్మని కదా ఆమె చెప్పింది, ఆ మాట ఒక్కటీ తీరుస్తాను, అన్నాను. పిచ్చా నీకు అన్నాడు మా ఆయన. మామయ్య పేపరు మడిచారు. మర్నాడు తెల్లవారకముందే నేను కారెక్కేసరికి అత్తమ్మ వెనక సీట్లో కూర్చుని ఉంది.

పండగ కాదు, జాతర కాదు, ఉత్త రోజు. మండపంలో బడిపిల్లలు కొందరు గొలుసు వైపు వేలు చూపించుకుంటూ పోయారు. అత్తమ్మ ఎప్పటిలాగే బయటే ఆగిపోయింది. మా ఆయన కారు దగ్గర ఉండిపోయాడు. నేను వెళ్ళి ఆ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. కాసేపటికి నాకు నేనే వెర్రిదానిలా తోచాను. ఇంకాసేపటికి అదీ పోయింది. ఆరేళ్ళ పిల్ల ఎత్తు నుంచి ఈ చోటు ఎట్లా కనిపించి ఉంటుందో అని చూశాను. ఆ ఎత్తుకు మొహాలు అందవు. కనిపించేవన్నీ చేతులే. ఎన్నో చేతులు వస్తాయి, పోతాయి, ఏదీ మనది కాదు. అప్పుడు నిజంగా భయమేసింది. ఎవరైనా వచ్చి తీసుకుపోతే బాగుండునని, ఇంత వయసొచ్చి, ఉద్యోగం చేసుకునే దాన్ని, పసిపిల్లలా కోరుకున్నాను. మా ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. తియ్యలేదు. మధ్యాహ్నం గుడి మూసే వేళవుతోందని ఎవరో అరవంలో కేకేశారు.

అప్పుడు ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. అత్తమ్మ. ఆమె మండపంలోకి రావడం అదే మొదలు. నేను కదలబోతే, ఉండు, అంది. చెయ్యి వదలకుండా నా మొహంలోకి చూసింది. నుదురు, కనుబొమ్మలు, చెవి కింద పుట్టుమచ్చ, గడ్డం. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నన్ను అట్లా చూడలేదు. ఆమెనూ ఎవరూ అట్లా చూడలేదని గుర్తొచ్చి నేనూ ఆమె మొహంలోకి చూశాను. ముక్కు పక్కన గీత, పైపెదవి మీద మాసిపోయిన చిన్న మచ్చ. ఎవరి పోలికా కాదు, ఆమె మొహమే.

"మా పాపే. దా, ఇంటికి పోదాం," అంది.

కారు దాకా చెయ్యి వదల్లేదు. దారి పొడుగునా కూడా వదల్లేదు. ఆనేకల్ చేరేసరికి దీపాలు పెట్టారు. మామయ్య తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. అత్తమ్మ లోపలికి వెళ్ళి అక్క చెంబు తెచ్చింది. నన్ను రాతి మీద నిలబెట్టి, కాళ్ళ మీద నీళ్ళు పోసి, దారం ముడి పట్టుకుంది. పట్టుదారం స్నానాలకు బిగుసుకుపోయి గోళ్ళకు రాలేదు. వంగి పంటితో లాగి విప్పింది. అక్క కట్టింది చెల్లెలు విప్పితే తప్పేం లేదు, అని తనకు తానే చెప్పుకుంది. ఊఁ, దా లోపలికి, అంది నాతో. నేను గడప దాటాను. మా ఆయన కాళ్ళు కడుక్కుని నా వెనకే వచ్చాడు.

అత్తమ్మ మాత్రం చెంబు కింద పెట్టలేదు. మళ్ళీ నింపుకుని వచ్చి, ఎవరూ లేని ఆ రాతి మీద నిదానంగా నీళ్ళు పోసింది, పెద్దమనిషి కాళ్ళు రెండూ తడిసేంత. పక్కకు ఒదిగి, ఒక మనిషి గడప దాటేంతసేపు ఆగింది. తర్వాత చెంబులో మిగిలిన నీళ్ళు ఇంకా కిందికి వంగి పోసింది. ఈసారి కొంచెమే, చిన్న కాళ్ళకు చాలేంత. మళ్ళీ పక్కకు ఒదిగింది.

ఆ తర్వాత తను లోపలికి వచ్చి, వీధి తలుపు మూసి, గడియ పెట్టింది.